నాలుగో పిలుపు

కృష్ణ ఒడ్డున నందిరేవు అనే ఊళ్ళో పానకాలు అనే రైతు ఉండేవాడు. చచ్చినవాళ్ళ మీద అతనికి ఎంత శ్రద్ధో, బతికున్నవాళ్ళ మీద అంత అశ్రద్ధ.

ఊళ్ళో ఎవరింట ఏడుపు వినిపించినా, చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తేవాడు పానకాలు. పచ్చి వెదురు ఎవరి దొడ్లో దొరుకుతుందో, పాడె ఎలా కడితే దారిలో జారదో, నిప్పుకుండ ఎవరు పట్టాలో, తల ఏ దిక్కుకు ఉండాలో అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. తమవాళ్ళ ఆచారాలే కాదు. జంగాలు శవాన్ని కూర్చోబెట్టి సమాధి చేస్తారనీ, సాయిబుల చావుకి వెళ్ళిన ప్రతివాడూ గోరీలో పిడికెడు మట్టి వెయ్యాలనీ, కిరస్తానీల ఇంట పెట్టె మూత వేసే ముందు కడసారి చూపు చూడాలనీ అన్నీ నేర్చుకున్నాడు. ఎవరి చావుకు వెళ్తే వాళ్ళ పద్ధతిలో తలవంచి నిలబడేవాడు. దిక్కులేనివాళ్ళు పోతే తన భుజమిచ్చి మోసేవాడు. ఆ మంచితనం అతనిలో నిజంగానే ఉండేది, లేదంటే పాపం వస్తుంది. "చావు చేస్తే పానకాలే చెయ్యాలి" అని నాలుగూళ్ళవాళ్ళూ అనేవారు. ఆ మాట వింటే చాలు, అతనికి కడుపు నిండిపోయేది.

ఒంట్లో బాగాలేనివాళ్ళని పలకరించడానికి మాత్రం అతను ఎన్నడూ వెళ్ళేవాడు కాదు. పాడె దగ్గరైతే చేతినిండా పని. మంచం పక్కన కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఏం మాట్లాడాలో తోచేది కాదు. చిన్ననాటి స్నేహితుడు కామయ్య వెనక వీధిలోనే వేసవంతా మంచం పట్టి ఉంటే, ఒక్కనాడూ అతని గుమ్మం తొక్కలేదు. కామయ్య పోయిన రోజున మాత్రం గుండెలు బాదుకుని ఏడ్చి, ఎక్కడినుంచో గంధపు చెక్క తెప్పించి, "అంతటి మనిషి మళ్ళీ పుట్టడు" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దలు ఊరికే అన్నారా?

"ఈ మనిషికి లేచి తిరిగేవాళ్ళు కంటికి ఆనరు. నేను కూడా పాడెక్కితే తప్ప నా మొహం చూడడు కాబోలు" అనేది అతని భార్య సీతారావమ్మ.

"సంధ్యవేళ ఆ మాటలేమిటే?" అని కసిరి, అతను కండువా భుజాన వేసుకుని ఎవరి కర్మకో వెళ్ళిపోయేవాడు.

మనలో చాలాచోట్ల ఉన్నట్టే ఆ ఊళ్ళో కూడా దింపుడు కళ్ళెం అనే ఆచారం ఉంది. శవాన్ని కాటికి తీసుకువెళ్తూ సగం దారిలో పాడెని కిందికి దించుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి ముమ్మారు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉంటే ఆ పిలుపు విని లేస్తారేమోనని ఆశ. అలా లేచినవాళ్ళున్నారని చెప్పుకోవడమే గాని, చూసినవాళ్ళు లేరు. అందుకే జరగదని తెలిసి కూడా వదులుకోలేని ఆశని దింపుడు కళ్ళెం ఆశ అంటారు. పానకాలుది నది అవతలి ఒడ్డుకి వినిపించేంత గొంతు. ఏడుపుతో గొంతు పెగలనివాళ్ళ తరఫున అతనే పిలిచేవాడు.

ఒకసారి మగ్గం నేసే వీరాస్వామి తల్లి పోయింది. దింపుడు కళ్ళెం దగ్గర వీరాస్వామి ముమ్మారూ పిలిచాడు. పిలిచి, పాడె వదలకుండా పట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి పిలుస్తానండీ. మా అమ్మకి కొంచెం చెవుడు. వినిపించలేదేమో" అని బతిమాలాడు.

మోసేవాళ్ళ కళ్ళు కూడా చెమర్చాయి. పానకాలు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "మూడుసార్లకి పలకనివాళ్ళు నాలుగోసారికి పలకరు. ఆచారం ఆచారమే. లేపండి" అన్నాడు.

పాడె లేచింది. వీరాస్వామి కాటిదాకా తల ఎత్తలేదు.

పానకాలుకి ఒక్కగానొక్క చెల్లెలు, పేరు నాంచారమ్మ. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే, ఆ పిల్లని భుజాన వేసుకుని పెంచింది అతనే. అన్న అన్నం తింటుంటే పక్కన చేరి, కంచంలోంచి మెతుకు మెతుకూ ఏరుకుని తినేది. అందుకని ఆమెని 'పిచ్చుకా' అని పిలిచేవాడు. పొలం నుంచి వస్తూ వీధి మలుపులోంచే "పిచ్చుకా!" అని ఒక్క కేక వేస్తే, ఆ పిల్ల ఎక్కడున్నా రెక్కలొచ్చినట్టు వచ్చి కాళ్ళకి చుట్టుకునేది.

పెద్దదయ్యాక ఆమెని నది అవతల చింతలంకలో సాంబయ్యకిచ్చి పెళ్ళి చేశాడు. పడవెక్కితే తాంబూలం నమిలినంతసేపు ప్రయాణం. మొదట్లో పండక్కీ పబ్బానికీ వెళ్ళేవాడు. తర్వాత పొలం పనులు వచ్చాయి. ఆ తర్వాత ఊళ్ళవాళ్ళ చావులు వచ్చాయి. రానురాను చింతలంకలో ఎవరైనా పోతే తప్ప అతను నది దాటడం మానేశాడు.

అలా దాటినా చెల్లెలి గడప తొక్కేవాడు కాదు. కాటి నుంచి వచ్చినవాడు ఎవరింటికీ వెళ్ళకుండా తిన్నగా తన ఇంటికి పోయి తలస్నానం చెయ్యాలి కదా! చింతలంకలో కాటి దారి నాంచారమ్మ ఇంటి ముందు నుంచే. అన్న వచ్చాడని తెలిస్తే ఆమె వీధరుగు మీద కాచుకుని కూర్చునేది.

"అన్నయ్యా, లోపలికి రా. నిన్ను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో" అనేది.

"మైలలో ఉన్నానమ్మా. ఇంకోసారి వస్తాలే" అంటూ అతను దారికి ఆ పక్కనుంచి నడిచేవాడు.

"పోనీ, గుమ్మంలో నిలబడి చిన్నప్పటిలా ఒక్క కేక వేసి వెళ్ళు. అదే చాలు."

"మనవల్ని ఎత్తే వయసొచ్చింది. నిన్నింకా పిచ్చుకా అని పిలిస్తే నలుగురూ నవ్వరూ?" అని అతను రేవుకి వెళ్ళిపోయేవాడు.

ఆమె నవ్వేసేది. నవ్వేసి, పడవ కనిపించినంతసేపూ అరుగు మీద నుంచి చూస్తూ ఉండేది. పానకాలు ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. కాటి నుంచి వచ్చేవాడు వెనక్కి తిరగకూడదు మరి.

ఒక ఏడాది వానలు వెలిశాక నాంచారమ్మ మంచం పట్టింది. కాళ్ళు వాచాయి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. గుండె బలహీనంగా ఉంది, జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు డాక్టరు. పడవ నడిపే ఏసోబు నందిరేవుకి కబురు తెచ్చాడు.

"నాంచారమ్మ గారు మిమ్మల్ని ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమన్నారండి."

"వస్తానని చెప్పు. మునసబు గారి తల్లి పెద్దకర్మ అవగానే వచ్చేస్తాను" అన్నాడు పానకాలు.

ఆ పెద్దకర్మ అయింది. దాని వెనకే ఇంకో ఇంట్లో ఇంకో చావు వచ్చింది. ఏసోబు మళ్ళీ వచ్చాడు. ఈసారి కబురు చెప్పడానికి తటపటాయించాడు.

"చెప్పవోయ్, నీళ్ళు నములుతావేం?"

"ఆవిడ అన్నది అన్నట్టు చెబుతున్నానండి, ఏమీ అనుకోవద్దు. 'నేను పోయాక అన్నయ్య ఎలాగూ పుట్టింటి చీర తెస్తాడు. ఆ చీరేదో ఇప్పుడే తెమ్మను, కట్టుకుని చూపిస్తాను' అన్నారండి."

ఆడకూతురు ముత్తైదువగా పోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి ఆమె మీద కప్పాలి. అది ఆచారం. దాన్ని బతికుండగా అడిగినవాళ్ళని పానకాలు ఎక్కడా చూడలేదు. అతనికి ఒళ్ళు మండింది.

"అపశకునం కాకపోతే ఏమిటా మాట! చావుకి పెట్టే చీర బతికున్నదానికి పెడతారా? ఆయుష్షు తగ్గిపోదూ?" అని ఏసోబు మీద కేకలేశాడు.

సీతారావమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆవిడకి చీరలు లేక అడిగిందా? అలా అడిగితేనైనా మీరొస్తారని అడిగింది. నా మాట విని రేపు పొద్దున్నే వెళ్ళండి" అంది.

ఆ మాట పానకాలు మనసుకి తగిలింది. చెల్లెలి మొహం కళ్ళ ముందు ఆడింది. "సరే, పొద్దున్నే వస్తానని చెప్పు" అని ఏసోబుని పంపించాడు.

మర్నాడు సీతారావమ్మ సున్నుండలు మూటగట్టి ఇచ్చింది. పానకాలు రేవుకి వచ్చి పడవలో ఒక కాలు పెట్టాడో లేదో, గట్టు మీద నుంచి ఒకడు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. పక్కూరి పెద్ద కామందు శోభనాద్రి గారు తెల్లవారుజామున పోయారట.

"మీరు వస్తే గాని పాడె కట్టేది లేదని అందరూ కూర్చున్నారండి. బండి కూడా పంపించారు" అన్నాడు ఆ వచ్చినవాడు.

పానకాలు పడవ వంక చూశాడు, బండి వంక చూశాడు. శోభనాద్రి గారి చావంటే మాటలా? ఊళ్ళకి ఊళ్ళే కదిలొస్తాయి. అంతమందిలో ఎవరో తెలిసీ తెలియనివాడు పాడె కట్టి, పేరు కొట్టేస్తే? అతని మనసు ఒక్క క్షణం ఇటూ అటూ ఊగి, అటే ఒరిగింది.

"శవం ఆగదు. చెల్లెలైతే ఆగుతుంది" అనుకుని పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసేసుకున్నాడు. సున్నుండల మూట ఏసోబు చేతికిచ్చి, "ఇది ఇచ్చి, రేపు తప్పకుండా వస్తానని చెప్పు" అన్నాడు.

ఏసోబు మూట అందుకున్నాడు. గెడ వేసి పడవని నీళ్ళలోకి నెట్టాడు.

శోభనాద్రి గారి చావు ఘనంగా జరిగింది. అరటి బోదెలూ బంతిపూలూ కట్టి పానకాలు తయారుచేసిన పాడెని చూసి, ఇలాంటి పాడె ఎక్కాలంటే పెట్టి పుట్టాలని జనం చెప్పుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు చెవుల్లో ఇంకా మోగుతుండగానే మర్నాడు పొద్దున అతను ఉతికిన పంచె కట్టుకుని రేవుకి వచ్చాడు. చింతలంక నుంచి పడవ ఎదురొచ్చింది. ఏసోబు గట్టెక్కలేదు. పడవలోనే నిలబడి తలపాగా తీసేశాడు.

ఎన్నో ఇళ్ళకి చావు కబుర్లు మోసిన పానకాలుకి ఆ తలపాగా చూశాక ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

అతను బజారుకి పరిగెత్తాడు. కొట్టు తెరిపించి, ఉన్నవాటిలోకెల్లా మంచి చీర, ఎర్రంచు చిలకపచ్చది, తీసుకున్నాడు. ఆ చీర ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చుంటే, ఆ కాస్త నది ఎంతకీ దాటినట్టు లేదు. నిన్న కూడా ఈ నది ఇంతే ఉంది కదా అనుకున్నాడు.

చింతలంకలో ఇంటినిండా జనం. అతన్ని చూసి దారిచ్చారు. "పానకాలు వచ్చాడు, ఇక ఏ లోటూ ఉండదు" అని ఎవరో అన్నారు. నిన్నటిదాకా ఆ మాట అతనికి తేనె. ఇవాళ ముల్లులా గుచ్చుకుంది.

లోపల నాంచారమ్మ మంచం పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసి ఉంది. అంతమంది నిలబడి ఉన్నా ఎవరూ అందులో కూర్చోలేదు. మేనకోడలు తులశమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఆ కుర్చీ దగ్గరికి తీసుకువెళ్ళింది.

"కూర్చో మావయ్యా. ఇది నీకోసం వేయించింది. నిన్న నువ్వొస్తున్నావని పొద్దున్నే తల దువ్వించుకుంది. దీంట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. వీధిలో కుక్క మొరిగినా, 'అన్నయ్యేమో చూడవే' అంది. ఏసోబు మూట తెచ్చి ఇచ్చాక..." అంటూ ఆగిపోయింది.

"ఇచ్చాక?" అన్నాడు పానకాలు.

"మూట విప్పలేదు. ఎవరు పోయారని అడిగింది. శోభనాద్రి గారని చెబితే, 'అదృష్టవంతుడు. మా అన్నయ్య ఆయన దగ్గరికి వెళ్ళాడు' అంది. కుర్చీ తీసెయ్యనా అమ్మా అంటే వద్దంది. రేపు వస్తాడుగా అంది."

పానకాలు ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు. తెచ్చిన చీర ఆడవాళ్ళ చేతుల్లో పెట్టాడు. "ఎంత మంచి చీర! పుట్టింటివాళ్ళంటే ఇలా ఉండాలి" అని వాళ్ళు మెచ్చుకుంటూ మడతలు విప్పి ఆమె మీద కప్పారు. కట్టుకుని చూపిస్తానన్నది ఆ చీరనే. చిలకపచ్చ ఆమె ఒంటికి ఎంత బాగుండేదో అతనికి అప్పుడు తెలిసింది. ఆమెకి తెలియలేదు.

అలవాటు కొద్దీ అతని చేతులు పాడె మీదికి వెళ్ళాయి. ముడి వెయ్యబోతే తాడు జారిపోయింది. ఎవరో వచ్చి ఆ ముడి వేశారు. అది సరిగ్గా లేదని చూస్తూనే ఉన్నాడు గాని, నోరు రాలేదు.

సాంబయ్య నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పానకాలు పాడెకి భుజమిచ్చాడు. మామిడితోట మలుపులో, దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించారు. సాంబయ్య భార్య చెవి దగ్గర వంగాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"నువ్వు పిలువు బావా. నీ కేక వినాలని ఎంత తపించిందో నాకు తెలుసు. నీ గొంతుకైతే లేస్తుందేమో" అన్నాడు.

పానకాలు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంతమంది చెవుల్లో పిలిచాడో అతనికే లెక్కలేదు. పలకరని తెలిసి, ఆచారం కోసం పిలిచిన పిలుపులవి. ఇవాళ ఒక్కటే కోరిక, ఆమె పలకాలి.

"నాంచారమ్మా!" అన్నాడు.

ఆమె పలకలేదు.

"అమ్మా నాంచారీ!"

గాలికి కొత్త చీర చెంగు కదిలింది. అతను ఆత్రంగా వంగి మొహంలోకి చూశాడు. కదిలింది చెంగే.

అప్పుడతను చుట్టూ నలుగురున్నారని మరిచిపోయాడు. నవ్వుతారని మరిచిపోయాడు. "పిచ్చుకా!" అని గుండె పగిలేలా కేక వేశాడు. మామిడితోటలో కాకులు లేచాయి. నాంచారమ్మ లేవలేదు.

మూడూ అయిపోయాయి. మోసేవాళ్ళు పాడె అందుకోవడానికి వంగారు. పానకాలు రెండు చేతులా పాడె పట్టుకున్నాడు.

"ఆగండి. ఇంకొక్కసారి పిలవనివ్వండి. వినిపించలేదేమో" అన్నాడు.

ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాడు ఆ నాలుగూళ్ళలోనూ పానకాలు ఒక్కడే. నందిరేవు నుంచి వచ్చినవాళ్ళలో వెనకగా వీరాస్వామి నిలబడి ఉన్నాడు. అతను కండువాతో కళ్ళు ఒత్తుకుని తల తిప్పుకున్నాడు.

పానకాలు నాలుగోసారి పిలిచాడు. ఈసారి కేక వెయ్యలేదు. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని పిలిచినట్టు మెల్లగా, "పిచ్చుకా, రావే, అన్నం తిందాం" అన్నాడు. తన చెవి ఆమె పెదవుల దగ్గర పెట్టి విన్నాడు. ఎంతసేపు విన్నా ఏమీ వినిపించలేదు.

మూడుసార్లకి పలకనివాళ్ళు నాలుగోసారికి పలకరు. ఆ మాట ఎవరిదో అతనికి గుర్తుంది. చేతులు వదిలేసి, "లేపండి" అన్నాడు. పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినిపించలేదు.

కాటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అతను దారికి ఆ పక్కనుంచి నడవలేదు. చెల్లెలి ఇంటి ముందు ఆగాడు. అరుగు ఖాళీగా ఉంది. లోపలికి రా అన్నయ్యా అనే మనిషి లేదు. కాళ్ళు కడుక్కుని, లోపల వెలిగించిన దీపం చూసి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. సున్నుండల మూట విప్పకుండా కిటికీలో అలాగే ఉంది. అది చూసి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత పానకాలు మారాడు. ఎవరికి జబ్బు చేసిందని తెలిసినా ముందు అతనే వెళ్ళేవాడు. వీధి గుమ్మంలో నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలిచేవాడు. మొదట్లో జనం హడలిపోయారు. "పానకాలు వచ్చాడంటే నా పని అయిపోయినట్టే" అని మంచంలో ఉన్నవాళ్ళు దుప్పటి ముసుగేసుకునేవారు. పోనుపోను అలవాటు పడ్డారు. ఏం మాట్లాడాలో అతనికి అప్పటికీ తెలిసేది కాదు. ఊరికే కూర్చునేవాడు. అదే చాలని వాళ్ళనేవారు. దింపుడు కళ్ళెం దగ్గర ఎవరైనా పాడె పట్టుకుని ఏడిస్తే, "పిలవనివ్వండి, ఎన్నిసార్లు పిలవాలనుంటే అన్నిసార్లూ పిలవనివ్వండి" అనేవాడు. వీరాస్వామి ఇంటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. వీరాస్వామి క్షమించాడు కూడా.

కాని క్షమించవలసిన మరో మనిషి మిగల్లేదు. చింతలంక వెళ్ళినప్పుడల్లా అతను ఆ అరుగు ముందు నిలబడి, "పిచ్చుకా!" అని ఒక్క కేక వేసేవాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని అన్నేళ్ళు అతనొక్కడే అనుకున్నాడు.

పోయాక చెవిలో ముమ్మారు పిలవడం కన్నా, బతికుండగా గుమ్మంలో నిలబడి ఒక్కసారి ప్రేమగా పిలవడం మేలు.